‘ఓ స్త్రీ రేపు రా’ ఎవరి సొత్తు?

‘ఓ స్త్రీ రేపు రా’. ఈ మాట తలుపు మీదో గోడ మీదో రాసి ఉండేదని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు తడుతుంది. గోడ మీద ఉన్నది చదివి, ‘సరే, రేపు వద్దాం’ అని వెళ్లిపోతుంది. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. చదువుకున్న దెయ్యం, పైగా మాట మీద నిలబడే దెయ్యం! బెంగళూరు వైపు ఇదే కథకి ‘నాళె బా’ అని పేరు.

గోడ మీద ఉన్నన్నాళ్లూ ఆ మాట అందరిదీ. 2016లో ఆ పేరుతోనే ఒక తెలుగు సినిమా వచ్చింది, వెళ్లింది. 2018 ఆగస్టు 31న అదే మాట ‘ఓ స్త్రీ కల్ ఆనా’ అని హిందీలోకి మారి ‘స్త్రీ’ సినిమాలో తెర మీదికొచ్చింది. ఈసారి దేశమంతా చూసింది. ఆ కథ రాసినవాళ్లలో ఒకాయనది తిరుపతి, ఇంకొకాయనది చిత్తూరు. రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే. డీకే అంటే దాసరకొత్తపల్లి, మన వైపు ఇంటిపేరే. ఇద్దరూ ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు.

రాజ్ పేరు గూగుల్‌లో కొడితే ఇప్పుడు ముందు పెళ్లి వార్తలే వస్తాయి. వాటితో మనకి పని లేదు. ‘ఫ్యామిలీ మ్యాన్’ డైరెక్టర్లుగా వాళ్లని అందరూ పొగిడారు కాబట్టి అదీ పక్కన పెడదాం. ఆ ఇద్దరిలో డైరెక్టర్ల కంటే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించేది నిర్మాతలు. చేతిలో స్టార్ లేకుండా, వెనక బ్యానర్ లేకుండా, ఇంట్లో సినిమావాళ్లు ఎవరూ లేకుండా సినిమా తీసి, దాన్ని ఎవరికో ఒకరికి అమ్మి, ఆ డబ్బుతో ఇంకోటి మొదలుపెట్టడం. ఆ పని ఎలా జరుగుతుందో కాలేజీలో ఎవరూ చెప్పరు. ఫిల్మ్ స్కూల్లో చెప్తారేమో గానీ, ఈ ఇద్దరూ అక్కడికీ వెళ్లలేదు.

తొంభైల్లో ఇంజినీరింగ్ అయిపోగానే అందరిలాగే అమెరికా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉద్యోగం చేస్తూనే షార్ట్ ఫిల్ములు తీశారు. 2003లో ‘ఫ్లేవర్స్’ అనే ఇంగ్లిష్ సినిమా తీశారు. అమెరికాలో ఉండే మన ఇంజినీర్ల కథలు, ఉద్యోగాలు పోవడం, ఒంటరితనం, ఒక అబ్బాయి అమెరికన్ అమ్మాయిని పెళ్లి చేసుకుంటుంటే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల అవస్థ. డాట్‌కామ్ బుడగ పేలిన కొత్తలో అది వాళ్ల చుట్టూ ఉన్న జీవితమే. తెలిసిన లోకం గురించి, తెలిసిన మనుషుల మధ్య, దొరికిన డబ్బుతో తీయడం. ఇండిపెండెంట్ సినిమా అంటే ఎక్కడైనా మొదట ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత ‘99’. క్రికెట్ బెట్టింగ్ మీద హిందీ కామెడీ, నిర్మాత షాదీ డాట్ కామ్ పెట్టిన అనుపమ్ మిట్టల్. 2009 మే నెలలో రిలీజ్. ఆ వేసవి సంగతి ఇప్పటివాళ్లకి గుర్తుండదు. హిందీ నిర్మాతలకీ మల్టీప్లెక్సులకీ మధ్య టికెట్ డబ్బుల పంపకం మీద రెండు నెలల పాటు గొడవ నడిచింది. పెద్ద సినిమాలన్నీ ఆగిపోయాయి. చివరికి జూన్‌లో రాజీ కుదిరింది. పన్నులు పోగా వచ్చినదాంట్లో మొదటి వారం నిర్మాత వైపు 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. అంటే సినిమా ఎంత ఎక్కువ రోజులు ఆడితే నిర్మాత వాటా అంత తగ్గుతుంది! మొదటి రోజే జనాన్ని రప్పించగల పెద్ద హీరోకి ఈ లెక్క బాగానే ఉంటుంది. నలుగురు చూసి, ఇంకో నలుగురికి చెప్పి, మూడో వారంలో పుంజుకునే చిన్న సినిమాకి ఇది నేరుగా దెబ్బ. చిన్న సినిమా బతుకంతా ఈ ఒక్క లెక్కలో ఉందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

ఇప్పుడు మన వైపు లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడే.

తెలుగులో సినిమా అమ్మడం అంటే ఏరియాలు అమ్మడం. నైజాం, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, సీడెడ్. మనం సీడెడ్ కిందకి వస్తాం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేసిన జిల్లాలు కాబట్టి ఆ పేరు. నిజానికి చిత్తూరు వైపు చాలా భాగం నిజాంది కాదు, ఆర్కాటు నవాబుది. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి మదనపల్లె వైపు కొంత కలిపి మన జిల్లా చేశారు. సినిమావాళ్ల మ్యాప్‌కి ఈ చరిత్రతో పని లేదు. రాయలసీమ మొత్తం ఒకే ముద్ద, ఒకే రేటు.

ఒక్కో ఏరియాని మూడు రకాలుగా అమ్ముతారు. ఔట్‌రైట్ అంటే ఒక రేటు అనుకుని హక్కులు ఇచ్చేయడం, లాభమైనా నష్టమైనా కొన్నవాడిదే. ఎంజీ, అంటే మినిమమ్ గ్యారంటీలో డిస్ట్రిబ్యూటర్ ముందే కొంత కడతాడు, అది వెనక్కి ఇవ్వక్కర్లేదు. తన డబ్బు, తన కమీషన్ వచ్చేశాక మిగిలితే పంచుకుంటారు. ఆ మిగులుకి ట్రేడ్‌లో ‘ఓవర్‌ఫ్లోస్’ అని ముద్దుపేరు. మూడోది అడ్వాన్స్. సినిమా ఆడకపోతే నిర్మాత ఆ డబ్బు తిరిగి కట్టాలి. పేరు లేని సినిమాకి సాధారణంగా ఈ మూడోది కూడా దొరకదు. ‘కమీషన్ మీద వేస్తాం, పబ్లిసిటీ మీదే’ అంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 177 రూపాయల టికెట్ అనుకోండి. అందులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లో థియేటర్‌కి సగం పోతే 75. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఇరవై శాతం అనుకుంటే 15 పోయి 60. కోటి రూపాయలు పెట్టి సినిమా తీసినవాడికి ఆ కోటి వెనక్కి రావాలంటే లక్షా అరవై ఏడు వేల మంది టికెట్ కొనాలి. పోస్టర్లు, ఆన్‌లైన్ యాడ్స్, డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి కట్టేది ఇందులో వేయనే లేదు. వడ్డీ మాట సరేసరి. హీరో ఎవరో తెలియని సినిమాకి లక్షన్నర మందిని థియేటర్‌కి లాక్కురావడం ఎంత కష్టమో, మీరు పోయిన ఏడాది అలాంటి సినిమాలు ఎన్నిటికి డబ్బిచ్చి వెళ్లారో లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది.

అందుకే చిన్న నిర్మాత బతికేది థియేటర్ బయట. శాటిలైట్, ఓటీటీ, హిందీ డబ్బింగ్, ఓవర్సీస్, రీమేక్, మ్యూజిక్. ఒక్కో హక్కునీ విడగొట్టి, ఒక్కోదానికీ సరైన కొనుగోలుదారుణ్ణి వెతకాలి. బయటి దేశాల్లో ఈ పనికి ప్రత్యేకంగా మనుషులు ఉంటారు, వాళ్లని సేల్స్ ఏజెంట్లు అంటారు. సినిమా వాళ్లది కాదు. అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటారు, అంతే. కాన్, బెర్లిన్, బూసాన్ లాంటి ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో మనకి ఫోటోల్లో కనిపించేది రెడ్ కార్పెట్. దాని పక్కనే మార్కెట్ నడుస్తుంది, సంతలాగే. గోవాలో కూడా 2007 నుంచి ఎన్‌ఎఫ్‌డీసీ ‘ఫిల్మ్ బజార్’ పెడుతోంది. పేరు పెట్టినవాళ్లు మొహమాటం లేకుండా పెట్టారు.

ఏజెంట్ బాగుంటే ఏమవుతుందో చెప్పడానికి ‘ది లంచ్‌బాక్స్’ సరిపోతుంది. 2013లో కాన్‌లో క్రిటిక్స్ వీక్‌లో వేశారు. జర్మనీలోని మ్యాచ్ ఫ్యాక్టరీ అనే సేల్స్ కంపెనీ దాన్ని దేశదేశాలకీ అమ్మింది, అమెరికాలో సోనీ పిక్చర్స్ క్లాసిక్స్ తీసుకుంది. టిఫిన్ క్యారియర్ తారుమారైన ఒక చిన్న ముంబై కథ అంత దూరం దానంతట అదే నడిచి వెళ్లలేదు. ‘ఆర్ఆర్ఆర్’ చిన్న సినిమా కాదు గానీ అక్కడా ఇలాంటిదే జరిగింది. అమెరికాలో మనవాళ్లు చూసేశాక, 2022 జూన్ 1న వేరియన్స్ ఫిల్మ్స్ అనే సంస్థ మన భాష రాని వాళ్ల కోసం దాన్ని మళ్లీ థియేటర్లలో వేసింది. అమెరికన్ ప్రేక్షకుల్లో ఆ సినిమా గురించి మాటలు పెరిగింది అక్కణ్నుంచే.

మన రాజ్, డీకే విషయానికి వస్తే, వాళ్లు ఏజెంట్ పనీ చాలావరకు తామే నేర్చుకున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో సినిమాకీ ఒక్కో తలుపు తట్టారు. ‘షోర్ ఇన్ ద సిటీ’ (2011) ఏక్తా కపూర్ సంస్థలో. రిలీజ్‌కి ముందే బూసాన్ ఫెస్టివల్‌లో ఆడింది. మన సందీప్ కిషన్ అందులో ఒక క్రికెటర్ కుర్రాడిగా కనిపిస్తాడు. ‘గో గోవా గాన్’ (2013) సైఫ్ అలీఖాన్ సంస్థలో. జాంబీ అంటే ఏంటో కథ చెప్పే ముందు వివరించాల్సిన రోజులవి. అదే ఏడాది డిసెంబర్‌లో తెలుగులో ‘డి ఫర్ దోపిడి’ నిర్మించారు. దాని వెనక హీరో నాని కూడా ఉన్నాడు. అది పెద్దగా ఆడలేదు. తర్వాత డైరెక్ట్ చేసిన ‘హ్యాపీ ఎండింగ్’ (2014), ‘ఎ జెంటిల్‌మన్’ (2017) రెండూ స్టార్లున్న సినిమాలు, రెండూ పోయాయి. స్టార్ ఉంటే గట్టెక్కుతుందన్న నమ్మకానికి ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

ఆ దెబ్బ తర్వాత ఏడాదికే ‘స్త్రీ’. ఈసారి వాళ్లు డైరెక్ట్ చేయలేదు, అమర్ కౌశిక్ చేశాడు. కథ వీళ్లది, దినేష్ విజన్‌తో పాటు నిర్మాతలు వీళ్లు. నాకు ఈ కెరీర్ మొత్తంలో తెలివైన మలుపు ఇదే అనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం చట్టంలోకి వెళ్లాలి.

సాఫ్ట్‌వేర్‌లో చేరే ప్రతి ఒక్కరి ఆఫర్ లెటర్‌లోనూ ఒక పేరా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మీరు రాసిన కోడ్ మీద సర్వహక్కులూ కంపెనీవి అని. ఎవరూ చదవరు, అందరం సంతకం పెడతాం. జీతం వస్తుంది కదా, కోడ్ మీద ప్రేమ ఎవరికి. సినిమాలో కూడా సరిగ్గా ఇదే ఉంది, పేర్లే వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి ‘కర్త’ ఎవరో తెలుసా? డైరెక్టర్ కాదు, హీరో అసలే కాదు. నిర్మాత. మొదటి హక్కుదారు కూడా అతనే. డైరెక్టర్ పేరు పోస్టర్ మీద ఎంత పెద్దగా ఉన్నా, సీక్వెల్ తీయాలా, రీమేక్ అమ్మాలా, ఏ ఓటీటీకి ఎన్నేళ్లకి ఇవ్వాలా అనేది కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇష్టం. గోడ మీది ఐడియాకి కాపీరైట్ ఉండదు. దాన్ని పాత్రలతో, సన్నివేశాలతో కథగా రాశాకే అది ఆస్తి అవుతుంది.

2012లో ఈ చట్టానికి ఒక మంచి సవరణ వచ్చింది. సినిమాలో వాడిన కథకీ పాటకీ థియేటర్ కాకుండా వేరే చోట వాడకం మీద వచ్చే రాయల్టీని రచయిత వదులుకుంటానని రాసిచ్చినా అది చెల్లదు. షార్ట్ ఫిల్ముల నుంచి ఫీచర్‌కి వెళ్లే కుర్రాళ్లలో ఈ ముక్క తెలిసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు చట్టం రాసిపెట్టినా, అడగనిదే ఎవడూ ఇవ్వడు. అది వేరే సంగతి.

‘స్త్రీ’ హిట్టయ్యాక అది ఒక సినిమాతో ఆగలేదు. ‘భేడియా’, ‘ముంజ్యా’, ‘థామా’ అంటూ మ్యాడాక్ సంస్థ దాని చుట్టూ ఒక లోకమే కట్టింది. 2024 ఆగస్టులో వచ్చిన ‘స్త్రీ 2’ నేరుగా హిందీలో తీసిన సినిమాల్లో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. దాని టైటిల్స్‌లో నిర్మాతలుగా దినేష్ విజన్, జ్యోతి దేశ్‌పాండే పేర్లున్నాయి. రాజ్, డీకేల పేర్లు ‘పాత్రల సృష్టికర్తలు’ అన్న దగ్గర ఉన్నాయి. మొదటి సినిమాకి నిర్మాతలు, రెండోదానికి పాత్రల తండ్రులు. ఆ రెండు లైన్ల మధ్య ఉన్న దూరాన్ని రూపాయల్లో ఊహించుకుంటే కాసేపు ఫోన్ పక్కన పెట్టాలనిపిస్తుంది.

ఓటీటీలో ఇంకో రకం బేరం. 2019 సెప్టెంబర్‌లో ‘ఫ్యామిలీ మ్యాన్’ అమెజాన్ ప్రైమ్ వీడియోలో వచ్చింది. తర్వాత ‘ఫర్జీ’, ‘గన్స్ అండ్ గులాబ్స్’. ఒరిజినల్ అని ప్లాట్‌ఫామ్ ముద్ర పడిందంటే, మామూలుగా ఖర్చంతా వాళ్లే పెడతారు, హక్కులూ వాళ్లకే పోతాయి. నిర్మాతకి ఖర్చు మీద కొంత శాతం ఫీజు. నష్టం భయం లేదు, ఓవర్‌ఫ్లోస్ కూడా లేవు. ఇంకో పద్ధతిలో సినిమా మీరే తీసి, కొన్నేళ్లకి లైసెన్స్ ఇస్తారు. గడువు అయ్యాక హక్కు మళ్లీ మీ చేతికి వస్తుంది. మొదటిది నెల జీతం, రెండోది సొంత షాపు. ఏది మంచిదంటే నేను చెప్పలేను. ఈఎంఐలు ఉన్నవాడి జవాబు ఒకటి, లేనివాడి జవాబు ఇంకొకటి.

సొంత షాపు పెట్టినవాళ్లలో తెలుగులో చెప్పుకోవాల్సిన పేరు ప్రవీణ పరుచూరి. న్యూయార్క్‌లో గుండె డాక్టర్. వెంకటేష్ మహా అనే కొత్త దర్శకుణ్ణి నమ్మి, విశాఖ కంచరపాలెంలో అక్కడి జనాన్నే నటులుగా పెట్టి తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’కి నిర్మాత ఆమే. అందులో సలీమాగా నటించింది కూడా. తెలిసిన మొహం ఒక్కటీ లేని ఆ సినిమాని 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి తీసుకెళ్లారు. తర్వాత సురేష్ ప్రొడక్షన్స్ తీసుకుని, రానా సమర్పణలో సెప్టెంబర్ 7న థియేటర్లలోకి తెచ్చింది. ఇక్కడ అమ్మకం వరస చూడండి. ముందు ఫెస్టివల్‌తో పేరు, ఆ పేరుతో పెద్ద బ్యానర్, ఆ బ్యానర్‌తో థియేటర్లు. కథ ఎంత బాగున్నా, ఈ మూడు మెట్లలో ఒకటి లేకపోతే మన ఊళ్లో ఒక్క షో కూడా పడి ఉండేది కాదు. 2020లో ఆమె ‘బాహుబలి’ తీసిన ఆర్కా సంస్థతో కలిసి ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ నిర్మించింది. కరోనా రోజులు, థియేటర్లు మూతపడి ఉన్నాయి. సినిమా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లింది.

తర్వాతి ఏడాది, 2021 మే 14న, నెట్‌ఫ్లిక్స్‌లోనే ‘సినిమా బండి’ వచ్చింది. నిర్మాతలు మళ్లీ మన రాజ్, డీకేలే. ఒక ఆటో డ్రైవర్‌కి ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది, ఊరందరితో కలిసి సినిమా తీయడం మొదలుపెడతాడు. అందులో వినిపించేది ఆంధ్రా-కర్ణాటక సరిహద్దు తెలుగు. పలమనేరు దాటి ముళబాగిలు వైపు బస్సులో పోతుంటే వెనక సీట్లోంచి వినపడే తెలుగు లాంటిది. సినిమాల్లో మన వైపు యాస అంటే సుమోలు, కత్తులు, తొడ కొట్టుడు అని ఇరవై ఏళ్లు చూశాం. ఆ యాసలో ఒక మనిషి ‘కెమెరా ఆన్ ఎట్లా చెయ్యాలబ్బా’ అన్నట్టు తికమకపడటం నాకు చాలా హాయిగా అనిపించింది. కొత్త దర్శకుడు, కొత్త నటులు, తెలియని యాస. ఈ మూడూ ఉన్న సినిమాని సీడెడ్ డిస్ట్రిబ్యూటర్ ముందు పెడితే టీ తాగించి పంపేవాడు. నిర్మాతలుగా అప్పటికే పేరున్న ఇద్దరు వెనక నిలబడ్డారు కాబట్టి అది దేశదేశాల ఫోన్లలోకి వెళ్లింది. ఒకప్పుడు వీళ్లు ఎవరి తలుపులు తట్టారో, ఇప్పుడు ఆ తలుపు లోపల వీళ్లున్నారు.

ఇప్పుడు తిరుపతిలో ఫీచర్ ఫిల్మ్ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లకి ఒక్క పనికొచ్చే మాట. కొనేవాడు ముందు అడిగేది ట్రైలర్ అయినా, సంతకం ముందు అడిగేది ఫైలు. కథ రాసినవాడి అగ్రిమెంట్, నటుల అగ్రిమెంట్లు, ప్రతి పాటకీ బీజీఎంకీ హక్కు పత్రం, సెన్సార్ సర్టిఫికెట్, డబ్బింగ్ కోసం డైలాగులు లేకుండా విడిగా మిక్స్ చేసిన సౌండ్ ట్రాక్, సబ్‌టైటిల్స్. స్నేహితుడు ఫ్రీగా ఇచ్చిన ట్యూన్‌కి కాగితం లేక, కెఫేలో వెనక మోగిన సినిమా పాటకి అనుమతి లేక బేరం ఆగిపోవచ్చు. సౌండ్ విడిగా లేకపోతే హిందీ డబ్బింగ్ హక్కు అమ్మడం కష్టం. షూటింగ్ రోజు వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకోవాల్సిన విషయాన్ని, సినిమా అమ్ముడుపోయే రోజు లాయర్‌తో రాయించుకోవాలంటే ఖర్చు వేరేగా ఉంటుంది, స్నేహాలు కూడా వేరేగా ఉంటాయి.

‘సినిమా బండి’ తీసిన దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల, రచయిత వసంత్ మరింగంటి తర్వాత ‘శుభం’ చేశారు. రాత్రి తొమ్మిదికి సీరియల్ మొదలవగానే ఇంట్లో ఆడవాళ్లకి దెయ్యం పూనే కథ. సమంత సొంతంగా పెట్టిన ట్రాలాలా మూవింగ్ పిక్చర్స్‌లో మొదటి సినిమాగా 2025 మే 9న థియేటర్లలోనే విడుదలైంది.